బరంపురంలో పాత వ్యంగ్య చిత్రాలకి పటం కట్టించాలంటే ఈ షాపుకే వెళ్ళండి

బరంపురం బడా బజారులో మన తెలుగాయన నడిపే పటాల షాపు గురించి రాస్తున్నాను. అక్కడ ఎక్కువగా కట్టేవి జగన్నాథుడి పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయిన పెద్దవాళ్ళ ఫొటోలు. నేను తీసుకెళ్ళింది మాత్రం ఇంగ్లీషు వ్యంగ్య చిత్రకారుడు థామస్ రోలాండ్‌సన్ బొమ్మ, 1816లో లండన్‌లో థామస్ టెగ్ ప్రచురించిన 'క్వీ హై' పుస్తకంలోంచి విడిపోయిన బొమ్మ కాగితం. మన దేశంలో కంపెనీ దొరల వైభోగాన్ని ఎగతాళి చేసే బొమ్మలవి. లోహపు పలక మీద గీత చెక్కి, అచ్చు తీసి, తర్వాత ఒక్కో కాగితానికీ చేత్తో నీటిరంగులు వేసేవారు కాబట్టి ఒకే బొమ్మ రెండు ప్రతులు పక్కపక్కన పెడితే రంగులు అచ్చం ఒకేలా ఉండవు. ఆ రంగులంటే నాకు ప్రాణం. ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పెట్టలేను.

ఇంతకు ముందు వేరే ఊళ్ళో ఒక షాపువాళ్ళు, ఫ్రేముకి పట్టడం లేదని, నా దగ్గరున్న ఇంకో బొమ్మ కింది అంచు కోసేశారు. ఆ కాలపు బొమ్మల్లో ప్రచురించినవాళ్ళ పేరు, అడ్రసు, తేదీ ఉండేది ఆ అంచులోనే. హోగార్త్ లాంటి చిత్రకారులు పట్టుబట్టి 1735లో తెచ్చుకున్న చట్టం ప్రకారం పలక మీద పేరు, తేదీ చెక్కితేనే బొమ్మ మీద కాపీహక్కు దక్కేది. ఆ అంచు పోతే బొమ్మ విలువ సగం పోయినట్టే, ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఈయన అలా కాదు. బొమ్మని ముందు వెనక్కి తిప్పి చూశారు, వెలుతురులో పెట్టి ఎక్కడైనా పాత జిగురు మరకలున్నాయా అని వెతికారు, తర్వాత స్కేలు తీసి, కింద అక్షరాలతో సహా మొత్తం కనిపించేలా మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) మధ్యలో కిటికీ కోశారు. "బాబూ, దీన్ని అతికించకూడదు, పైనుంచి వేలాడదీయాలి" అన్నారు. సరిగ్గా నేను చెప్పాలనుకున్నదే. నేను తీసుకెళ్ళిన పల్చటి జపాన్ కాగితం ముక్కలు రెండు, గోధుమ గంజితో పై అంచుకి మాత్రమే అంటించారు. వానాకాలం కాగితం సాగినా ముడత పడదు, ఎప్పుడైనా విప్పాలంటే కాస్త తడి చేస్తే ఊడొస్తుంది. సెలోటేపు ఊసే ఎత్తలేదు. బొమ్మకి పైనున్న గాజు తగలకుండా మౌంటు మందం అడ్డం ఉంటుంది, గోపాల్‌పూర్ గాలి తగిలే మా ఊళ్ళలో ఇది చాలా ముఖ్యం, గాజుకి అంటుకుంటే చెమ్మకి రంగు లేచిపోతుంది.

లోటు లేదని కాదు. యాసిడ్ లేని బోర్డు వాళ్ళ దగ్గర ఉండదు, తెప్పించాలి, అందుకని ఆలస్యమవుతుంది. మామూలు బోర్డు వాడితే కొన్నేళ్ళకి కిటికీ అంచు వెంట గోధుమరంగు గీత పడుతుంది కాబట్టి ఆగడమే మేలు. ఎండని ఆపే గాజు కూడా దొరకలేదు, అందుకే మా ఇంట్లో ఎండ పడని గోడకే తగిలించాను. ఖర్చు మామూలు పటానికి రెట్టింపు పైమాటే. షాపు ఇరుకు, సాయంత్రాలు రద్దీ, పొద్దున్నే వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు.

తర్వాత ఇవ్వబోయేది గిల్రే అనే ఇంకో ఇంగ్లీషు వ్యంగ్య చిత్రకారుడి బొమ్మ, ఆయన పోయాక పాత పలకలతో 1851లో బోన్ అనే ప్రచురణకర్త మళ్ళీ అచ్చు వేయించినది. వాటిలో చాలా కాగితాలకి రెండు వైపులా బొమ్మలుంటాయి, నాది అలాంటిదే. రెండో వైపు చూడాలంటే విప్పేలా వెనక అట్టని మేకులతో కాకుండా క్లిప్పులతో బిగిస్తానన్నారు. ముసురు తగ్గాకే ఇస్తాను. చెమ్మ పీల్చిన కాగితాన్ని గాజు వెనక బిగిస్తే లోపల బూజు పడుతుంది, మీరూ వానల్లో ఇవ్వకండి.