పాపికొండల బోటు భోజనమా, మారేడుమిల్లి బొంగు చికెనా?

రాజమండ్రి వచ్చి తిండి కోసమే ఒక రోజు పెట్టుకుంటే ఏది బెటరని మా బావ అడిగాడు, రెండూ చేశా కాబట్టి చెప్తున్నా. పాపికొండల బోటులో టిఫినూ, మధ్యాహ్నం భోజనం టికెట్‌లోనే వచ్చేస్తాయి, గోదారి చూస్తూ పప్పన్నం తినడం బానే ఉంటది గానీ వంటలో స్పెషలేం లేదు, మామూలు మెస్ భోజనమే, పైగా మైకులో పాటల గోల. వరదొస్తే బోట్లే ఆపేస్తారు.

మారేడుమిల్లిలో అలా కాదు, మసాలా పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు, నూనె చుక్క పొయ్యరు, బొంగులో తడికే ఉడుకుద్ది. ఆ పొగలో నిలబడి చూడ్డమే అసలు మజా. నా ఓటు దీనికే. అమ్మావాళ్లతో అయితే బోటే, ఆ అడవి రోడ్డు మలుపులు మా అమ్మకి పడవు. లైఫ్ జాకెట్ మాత్రం విప్పొద్దు బావా.