లిఫ్టులో బరువు తేడా చూడాలంటే ముల్లు మిషనే కొనండి

ఈ ముల్లు తిరిగే బరువు మిషన్‌ను నేను ఒళ్ళు తగ్గిందో లేదో చూసుకోవడానికి కొనలేదు. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. లిఫ్టు లెక్కలు చకచకా చేస్తుంది గానీ బరువు నిజంగా మారుతుందంటే నమ్మదు, సరే కళ్ళతో చూపిద్దామని గాంధీ రోడ్డులో 1,200 పెట్టి తెచ్చాను.

ముందు ఇంట్లో ఉన్న డిజిటల్ మిషన్‌తో చూశాం, లాభం లేదు. నేను ఎక్కితే అంకె కాసేపు ఆడి 60 దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత లిఫ్టు పైకి పోయినా కిందికి పోయినా కదలదు. ముల్లు మిషన్‌లో ఆ బాధ లేదు, స్ప్రింగు మీద పడే ఒత్తిడి ఎంతుంటే అంత అప్పటికప్పుడు చూపిస్తుంది.

మాది బైరాగిపట్టెడలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. లిఫ్టు బయలుదేరగానే ముల్లు 60 నుంచి 63కు పోయింది. ఒకటి రెండు సెకన్లే, మళ్ళీ 60కి వచ్చి అక్కడే నిలబడింది. "ఇంకా పైకే పోతున్నాం కదా నాన్నా, మళ్ళీ 60 ఎందుకొచ్చింది?" అంది. నాకు కావలసింది ఆ ప్రశ్నే! పైకి పోవడం వల్ల బరువు పెరగదు, వేగం మారుతున్నంతసేపే తేడా, ఒకే వేగంతో పోతుంటే నేల మీద నిలబడినట్టే. ఐదో అంతస్తు దగ్గర లిఫ్టు నెమ్మదించేటప్పుడు 57 చూపించింది. దిగేటప్పుడు అంతా తిరగబడింది, మొదట 57, ఆగేముందు 63. 60లో 3 అంటే ఇరవయ్యో వంతు, భూమి లాగడం వల్ల వచ్చే త్వరణం (వేగం మారే రేటు) 9.8, అందులో ఇరవయ్యో వంతు 0.49, అంటే మా లిఫ్టు త్వరణం సెకను వర్గానికి సుమారు అర మీటరు అని అమ్మాయే లెక్క కట్టింది.

కూరగాయల తక్కెడతో అయితే ఇది కనిపించదు, ఎందుకంటే రెండు పళ్ళేలూ ఒకేలా బరువెక్కుతాయి. స్ప్రింగు మిషనే కావాలి.

లోపాలూ ఉన్నాయి. గీతలు కిలోకొకటే, అర కిలో తేడా అంచనా వేసుకోవాల్సిందే. ఎక్కే ముందు ప్రతిసారీ పక్కనున్న చక్రం తిప్పి ముల్లును సున్నాకు తేవాలి. లిఫ్టులో కమ్మీ పట్టుకోకండి, లెక్క తప్పుతుంది. ఫోన్‌తో స్లో మోషన్‌లో తీస్తే ముల్లు ఎంతవరకు పోయిందో బాగా తెలుస్తుంది. మేం మధ్యాహ్నం లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడు చేశాం.

"ఏంది సార్, లిఫ్టులో కాటా పెట్టినారు?" అంటూ వాచ్‌మన్ కూడా ఎక్కాడు. ఆయన 80 కిలోలు, బయలుదేరగానే 84. "నీకు 3, ఆయనకు 4, కానీ ఇద్దరికీ ఇరవయ్యో వంతే నాన్నా" అని మా అమ్మాయి నేను చెప్పకముందే అనేసింది.