పెన్సిల్ కింద పెట్టించే మాస్టారు: చిక్కడపల్లి ఆదివారం డ్రాయింగ్ క్లాసు

త్యాగరాయ గానసభ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత ఇంటి మూడో అంతస్తులో నడుస్తుందీ క్లాసు. బోర్డు లేదు. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మాస్టారు తన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఫీజు నెలకు 1,500. లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోండి.

నాది విద్యానగర్‌లో మెడికల్ షాపు. షట్టర్ దించేసరికి రాత్రి పదిన్నర అవుతుంది. ఇంతకుముందు ఫోన్లో ఒక కోర్సుకు డబ్బు కట్టాను. రోజుకో బొమ్మ గీయాలి, ఒక్కరోజు తప్పితే లెక్క మళ్లీ సున్నా నుంచి. నిద్రకళ్లతో గీసిన ముక్కులన్నీ ఒకటే ముక్కులా వచ్చేవి. కొన్నాళ్లకు పెన్సిల్ బాక్సు బిల్లు బుక్కుల కిందికి చేరింది. అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చినవాణ్ణి, నా మాటల్లో కాస్త పక్షపాతం ఉంటుంది మరి.

ఇక్కడ గీయమనడం కంటే ఆపమనడమే ఎక్కువ. మొదటి పావుగంట అసలు బొమ్మే ఉండదు. పాత పేపరు మీద భుజం కదిలిస్తూ పొడుగు గీతలు, సున్నాలు గీయాలి. మణికట్టు ఒక్కటే తిప్పుతున్నామని తెలిస్తే మాస్టారు వచ్చి స్కేలుతో పెన్సిల్ మీద తడతారు. (మణికట్టు బెల్టు కోసం నా షాపుకొచ్చే యానిమేషన్ కుర్రాళ్లకు ఈ పావుగంట చూపించాలనిపిస్తుంది.) తర్వాత ఒకే ఒక్క వస్తువు. స్టీలు చెంబో, వెల్లుల్లిపాయో, ఒకసారైతే ఇస్త్రీపెట్టె. అరగంటకు గంట కొడతారు. చెంబు మూతి సగంలో ఉన్నా సరే, పెన్సిల్ కింద పెట్టాల్సిందే. బొమ్మను గోడకు ఆనించి, చాయ్ తాగుతూ దూరం నుంచి చూడాలి. ఒళ్లో పెట్టుకున్నప్పుడు కనపడని వంకర అప్పుడు టక్కున దొరుకుతుంది.

ఇంటి దగ్గర రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులే. మా బ్యాచ్‌లో డిగ్రీ చదివే అమ్మాయి ఒక వారం పుస్తకం సగం నింపి తెచ్చింది. మెచ్చుకుంటారనుకున్నాం. మాస్టారు పేజీలన్నీ తిప్పి, “నాలుగో పేజీల జేసిన తప్పే గద బిడ్డా ఆఖరి దాంక ఉన్నది? తప్పునే మంచిగ ప్రాక్టీసు జేసినవ్” అన్నారు. ఆ అమ్మాయికంటే నేనే ఎక్కువ నవ్వాను. నా ఇరవై నిమిషాలు మధ్యాహ్నం, గిరాకీ లేనప్పుడు. మందుల అట్టపెట్టెలు విప్పి లోపలివైపు గీస్తాను. ఎలాగూ పారేసే అట్ట కాబట్టి చెయ్యి భయపడదు.

మొదట్లో హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు తప్ప ఇవ్వరు. బీ పక్కన అంకె పెరిగేకొద్దీ గ్రాఫైట్ ఎక్కువ, బంకమన్ను తక్కువ, గీత మెత్తగా నల్లగా పడుతుంది. 6బీ ముందే చేతికొస్తే తప్పు గీతలన్నీ నలుపులో దాచేస్తామని ఆయన అనుమానం. న్యాయమైన అనుమానమే.

నెలకోసారి బయటికి తీసుకెళ్తారు. పోయినసారి కుతుబ్ షాహీ సమాధులు. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి ఎదుట కూర్చోబెట్టి, కట్టడం మొత్తం ముట్టుకోవద్దన్నారు. గుమ్మటం మొదట్లో చుట్టూ తిరిగే తామరరేకుల్లో ఐదింటిని గీస్తే చాలట. మధ్య రేకు వెడల్పుగా, పక్కలకు జరిగేకొద్దీ సన్నగా రావాలి. ఆ ఐదింటితోనే పొద్దంతా గడిచింది, ఇంటికొచ్చాక కూడా గీయబుద్ధేసింది.

నచ్చనివీ ఉన్నాయి. ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకు తయారయ్యే పిల్లల్నీ మాతోనే కూర్చోబెడతారు. వాళ్లకు పరీక్ష హాల్లో టైముకు పూర్తి చేయడం ముఖ్యం, ఇక్కడేమో సగంలో ఆపిస్తారు. తల్లిదండ్రులు విసుక్కుంటున్నారంటే తప్పు పట్టలేను. వాటర్‌కలర్స్ చెప్పరు. వాట్సాప్ గ్రూపు ఒకటుంది, అందులో మాస్టారు లేరు. ఎవరి బొమ్మ బాగుందో తేల్చుకునే పోటీ తప్ప అక్కడేమీ జరగదు. నేను మ్యూట్‌లో పెట్టేశాను.

పరీక్ష కోసమైతే వేరే చోటు వెతుక్కోండి. ఉద్యోగమో, షాపో చూసుకుంటూ ఏడాది తర్వాత కూడా గీస్తూ ఉండాలనుకునేవాళ్లకు ఐదుకు నాలుగు ఇస్తాను. బండి సందు మొదట్లోనే పెట్టండి, లోపల తిప్పుకోవడానికి చోటుండదు. మొదటి క్లాసు ఉచితం, పాత పేపర్లు మాత్రం మీరే తెచ్చుకోవాలి.