సొరకాయ బుర్ర: ఏళ్ల వాడకం తర్వాత

దేవరకొండ దగ్గర మా చేనికి వెళ్లేటప్పుడు ఏళ్లుగా సొరకాయ బుర్రలోనే నీళ్లు పట్టుకెళ్తున్నాను. ఇప్పుడు గొర్రెల కాపరుల భుజాన కూడా ప్లాస్టిక్ సీసాలే కనిపిస్తున్నాయి. దీన్ని వాడి చూసి చెప్పేవాళ్లు తగ్గారు కాబట్టి రాస్తున్నాను.

మిట్టమధ్యాహ్నం సీసాలో నీళ్లు కాగిపోతాయి, బుర్రలోవి మాత్రం గొంతు దిగేలా ఉంటాయి. కుండ నీళ్లంత చల్లదనం ఆశించకండి. మట్టి చెమర్చినట్టు బుర్ర చెమర్చదు, బయటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు, అంతే. పైగా తేలిక. పల్లెల్లో బావిలో ఈత నేర్చే పిల్లల నడుముకు దీన్ని కట్టింది అందుకే.

తయారీకి ఓపిక కావాలి. కాయను తీగ మీదే ముదరనిచ్చి, తొడిమ ఎండాక కోసి, నీడలో ఆరబెట్టాలి. ఊపితే గింజలు గలగలమనాలి. మెడ దగ్గర రంధ్రం చేసి, నీళ్లు పోసి, గుజ్జు కుళ్లాక గులకరాళ్లతో కుదిపి కడగాలి. ఆ కంపు ఇంట్లోవాళ్లు భరించరు, పెరట్లో పెట్టుకోండి. చేదు సొర జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు విషపూరితం.

ఇంగ్లిష్‌లో సొర బుర్రనూ కాలబాష్ అంటారు కానీ, కాలబాష్ చెట్టు కాయ వేరు. అది అమెరికా ఉష్ణమండలపు చెట్టు, కాయలు మానుకే కాస్తాయి. మెక్సికోలో ఆ డిప్పలు తాగే గిన్నెలయ్యాయి, సెయింట్ లూసియాకు అదే జాతీయ వృక్షం. గిన్నెకు ఆ గుండ్రటి కాయ బాగుంటుందేమో కానీ, చేనికి మోసుకెళ్లడానికి నా ఓటు తీగ సొరకే. తాడు బిగించడానికి మెడ ఉండాలి కదా!

గుండ్రంగా, దళసరిగా కుదిరిన బుర్రను నీళ్లకు వాడటం నాకు వృథా అనిపిస్తుంది. దాని చోటు కిన్నెర. 2022లో పద్మశ్రీ పొందిన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య వాయించే పన్నెండు మెట్ల కిన్నెరకు నాదాన్నిచ్చేవి ఇలాంటి సొర బుర్రలే.

బుర్ర నీటిని శుద్ధి చేయదు. మా నల్లగొండ బోర్లలోని ఫ్లోరైడ్ దీనితో పోదు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి దాని కోసమే పుట్టింది.

రోజూ వాడితేనే ఇది మన్నుతుంది. తడితో మూసి మూల పెడితే బూజు పడుతుంది. బిరడా తీసి బోర్లించాలి. బండి హ్యాండిల్‌కు తగిలించే అలవాటున్నవాళ్లు మాత్రం స్టీలు సీసా కొనుక్కోండి. గతుకుల దారిలో ఒక్క దెబ్బకే ఇది పగులుతుంది.