మొదటి బెయిట్‌కాస్టర్: ఏ రీల్, ఏ రాడ్ మేలు?

బెయిట్‌కాస్టర్ అంటే చేపలు పట్టే గాలపు కర్రకు (రాడ్‌కు) పైన బిగించే ఒక రకం రీల్. దాన్ని కొన్నవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. నేనూ పెట్టేశాను. ఒక వేసవి అంతా అది అలమారలోనే ఉండిపోయింది. నా చేతికి ఈ విద్య రాదేమో అనుకున్నాను. ఆ తర్వాత ఒక స్నేహితుడు తన రాడ్ ఇచ్చి ఓసారి విసరమన్నాడు. మూడో విసురుకే ఎర నేను చూసిన చోట పడింది. చెయ్యి అదే, సరంజామా వేరు, అంతే. నేను కొన్నది 8:1 రీల్ (పిడి ఒకసారి తిప్పితే లైన్ చుట్టిన స్పూల్ ఎనిమిదిసార్లు తిరిగేది), గట్టి హెవీ రాడ్, సన్నటి బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైన్. దాని చివర కట్టింది 5 గ్రాముల ఎర. విడివిడిగా చూస్తే అన్నీ మంచి వస్తువులే. నాలుగూ ఒకచోట చేరితే మాత్రం కొత్తవాళ్లకు అంతకంటే కష్టమైన కూర్పు ఉండదు.

అందుకని కింద ఏ రెండిటిని పోల్చినా నేను అడిగే ప్రశ్న ఒకటే: దేనితో చెయ్యి త్వరగా తిరుగుతుంది?

అసలు బెయిట్‌కాస్టర్ కావాలా, స్పిన్నింగ్ చాలా?

స్పిన్నింగ్ రీల్‌తో విసిరినప్పుడు స్పూల్ కదలదు. లైన్ దాని అంచు మీంచి చుట్టలుగా జారిపోతుంది. అందుకే 3, 4 గ్రాముల ఎర కూడా హాయిగా వెళ్తుంది. బెయిట్‌కాస్టర్‌లో స్పూలే తిరగాలి, రాట్నం మీద కండె తిరిగినట్టు. దాన్ని తిప్పేది ఎర బరువే. గాల్లో ఎర వేగం తగ్గాక కూడా స్పూల్ మొదటి ఊపులోనే తిరుగుతుంటే, వదులైన లైన్ బయటికి పోలేక స్పూల్ మీదే ఉంగరాలుగా లేచి చిక్కుపడుతుంది. బ్యాక్‌లాష్ అంటే ఇదే.

మరి ఇంత తంటా ఎందుకు పడాలి? ఈ రీల్‌తో ఎక్కువగా వేటాడే లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప ఎక్కడ ఉంటుందో చూస్తే తెలుస్తుంది. నాచు కింద, మునిగిన మొద్దు పక్కన, తామరాకుల అంచున నక్కి ఉంటుంది. మొద్దుకు జానెడు దూరంలో ఎర పడితే పట్టేస్తుంది, నాలుగు అడుగుల అవతల పడితే కదలను కూడా కదలదు. స్పూల్ మీద బొటనవేలు ఉంటే ఎరను గాల్లోనే అదుపు చేసి, అనుకున్న చోట మెల్లగా దించొచ్చు. చేప పడ్డాక దాన్ని నాచులోంచి బయటికి లాగాలంటే మందపాటి లైన్ కావాలి. అలాంటి లైన్ స్పిన్నింగ్ స్పూల్ మీద కుదురుగా ఉండదు, బెయిట్‌కాస్టర్ మీద ఉంటుంది. ఈ రీల్ పుట్టుక వెనుక కూడా బాస్ వేటే ఉంది. 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ లాంటి గడియారాల పనివాళ్లు దీని తొలి రూపాలను తయారుచేశారు. పిడి ఒకసారి తిప్పితే స్పూల్ చాలాసార్లు తిరిగేలా పళ్ల చక్రాలు అమర్చడం వాళ్ల చేతికి అలవాటైన పని.

మీరు ఎక్కువగా తెరిపి నీళ్లలో, 7 గ్రాముల లోపు ఎరలతో, సన్నటి లైన్‌తో వేటాడేవాళ్లయితే స్పిన్నింగే మేలు. దాన్ని మార్చాల్సిన పనే లేదు. 10 గ్రాములు దాటిన జిగ్‌లు, స్పిన్నర్‌బెయిట్‌లు, టెక్సస్ రిగ్‌లు లాంటి బరువైన కృత్రిమ ఎరలు వేస్తుంటే బెయిట్‌కాస్టర్ నేర్చుకున్న శ్రమ వృథా పోదు.

బ్రేకు: అయస్కాంతమా, పిన్నులా, చిప్పా?

కొత్తవాళ్లు రీల్ కొనేటప్పుడు గేర్ నిష్పత్తినీ బేరింగుల లెక్కనూ చూస్తారు. విసిరినప్పుడు స్పూల్ వేగాన్ని అదుపు చేసే బ్రేకు గురించి ఎవరూ అడగరు. నా దృష్టిలో మొదటి రీల్‌కు ఇదే ప్రాణం.

మాగ్నెటిక్ బ్రేకులో అయస్కాంతాలు స్పూల్‌ను తాకవు. వాటి పక్కన అల్యూమినియం స్పూల్ వేగంగా తిరిగినప్పుడు అందులో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుట్టి ఆ తిరుగుడునే అడ్డుకుంటాయి. ఎంత వేగంగా తిరిగితే అంత అడ్డు. సర్దే డయల్ రీల్ పక్క పలక మీద బయటే ఉంటుంది. గాలి మారినా, ఎర మార్చినా నిలబడ్డ చోటే ఒక్క వేలితో తిప్పుకోవచ్చు. డైవా, అబు గార్సియా కంపెనీల రీళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. లోటేమిటంటే, విసురు చివర్లో కూడా కొంత పట్టు మిగిలే ఉంటుంది కాబట్టి దూరం కాస్త తగ్గుతుంది.

సెంట్రిఫ్యూగల్ బ్రేకులో స్పూల్‌కు చిన్న చిన్న పిన్నులు ఉంటాయి. స్పూల్ తిరిగే ఊపుకు అవి బయటికి విచ్చుకుని ఒక వలయానికి రాసుకుంటాయి. విసురు మొదట్లో గట్టిగా పట్టి, వేగం తగ్గేకొద్దీ దాదాపు వదిలేస్తాయి. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు దూరం కోసం దీన్ని ఇష్టపడతారు. షిమానో కంపెనీ పేరు ఎక్కువగా వినిపించేది ఇక్కడే. చాలా రీళ్లలో వీటిని సర్దాలంటే పక్క పలక విప్పాలి. ఎన్ని పిన్నులు తెరిచామో గుర్తుపెట్టుకోవాలి, అటూ ఇటూ సమంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. గట్టు మీద తడి చేతులతో ఇది చేసి చూడండి. నేర్చుకునేటప్పుడు బ్రేకును పది విసురులకోసారైనా మార్చాల్సి వస్తుంది. ప్రతిసారీ పలక విప్పాలంటే మనిషి మార్చడమే మానేసి చిక్కులతోనే సర్దుకుపోతాడు. కొత్త రీళ్లు కొన్నిటిలో దీనికీ బయట డయల్ ఇస్తున్నారు. అలాంటిది దొరికితే నా అభ్యంతరం చాలావరకు తీరినట్టే.

మూడోది డిజిటల్ బ్రేకు, షిమానో వాళ్ల డీసీ. దీనికి బ్యాటరీ అక్కర్లేదు. తిరిగే స్పూలే కరెంటు పుట్టిస్తుంది. చిన్న చిప్పు స్పూల్ వేగాన్ని కనిపెడుతూ బ్రేకు వేస్తుంది. విసిరినప్పుడు సన్నగా ఈలలాంటి శబ్దం వస్తుంది. ఎదురుగాలిలో దీని పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. అయినా మొదటి రీల్‌గా దీన్ని కొనమని చెప్పలేను. ఖరీదు ఒక కారణం. రెండోది, ఎర నీళ్లను తాకిన క్షణంలో స్పూల్‌ను ఆపాల్సింది ఇక్కడ కూడా బొటనవేలే. ఆ అలవాటు ఎలాగూ నేర్వక తప్పదు. డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లు కొంటే తప్పు పట్టను, కంగారు మాత్రం నిజంగానే తగ్గుతుంది.

నా ఓటు బయటే డయల్ ఉన్న మాగ్నెటిక్ బ్రేకుకు. కొన్నాక ముందు పిడి పక్కనున్న స్పూల్ టెన్షన్ మరను సర్దండి. మీరు వాడబోయే ఎరను రాడ్ కొస నుంచి వేలాడదీసి, స్పూల్‌ను వదిలే బటన్ నొక్కితే, ఎర నిదానంగా దిగాలి. నేలను తాకగానే స్పూల్ ఆగిపోవాలి. తర్వాత డయల్‌ను పదికి ఎనిమిది మీద పెట్టి మొదలుపెట్టండి. ఎర బరువు మారిన ప్రతిసారీ టెన్షన్ మళ్లీ చూసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

గేర్, పిడి, ఆకారం

5:1 రీల్ పిడి ఒక చుట్టుకు సుమారు 20 అంగుళాల లైన్‌ను లాగితే, 7:1 రీల్ 28 నుంచి 30 అంగుళాలు లాగుతుంది. స్పూల్ సైజును బట్టి కొంచెం అటూ ఇటూ. లోతుకు దిగే క్రాంక్‌బెయిట్‌లు (చిన్న చేప ఆకారపు ఎరలు) నీటిని గట్టిగా తోసుకుంటూ వస్తాయి కాబట్టి వాటికి 5:1 సుఖం. ఎరను మాటిమాటికీ వెనక్కి లాగి మళ్లీ వేసే వేటకు 8:1 పనికొస్తుంది. ఒక్క రీలే ఉంటే 7:1 దగ్గర్లోది తీసుకోండి. వేగం రీల్‌ను నెమ్మదిగా తిప్పడం నేర్చుకోవచ్చు గానీ, బాస్ మన వైపే దూసుకొచ్చి లైన్ వదులైనప్పుడు నెమ్మది రీల్‌తో దాన్ని అందుకోవడం కష్టం. 8:1 మొదటి రీల్‌గా ఎందుకు వద్దంటే, కొత్త చెయ్యి తెలియకుండానే ఎరను పరుగెత్తిస్తుంది.

పిడి ఏ వైపు ఉండాలనేది మీ చేతికి తెలుసు. ఇప్పటిదాకా స్పిన్నింగ్ రీల్‌ను ఎడమ చేత్తో తిప్పినవాళ్లు ఎడమ పిడే కొనుక్కోండి. విసిరిన కుడి చేతిలోంచి రాడ్ మార్చుకోనక్కర్లేదు. కొన్నాక వైపు మార్చడం కుదరదు కాబట్టి ఆర్డర్ చేసే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

గుండ్రటి రీలా, లో-ప్రొఫైల్ (ఎత్తు తక్కువగా ఉండే) రీలా అంటే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. గుండ్రటిదాంట్లో లైన్ ఎక్కువ పడుతుంది, పెద్ద చేపలకూ బరువైన ఎరలకూ అది మంచిదే. బాస్‌కు అంత లైన్ అక్కర్లేదు. లో-ప్రొఫైల్ అరచేతిలో ఒదుగుతుంది, బొటనవేలు వంచకుండానే స్పూల్‌కు అందుతుంది. బేరింగులు ఎన్ని అని లెక్కపెట్టడం కంటే స్పూల్‌ను వేలితో తిప్పి గరగర వినిపిస్తోందేమో వినండి.

రాడ్: మీడియమా, మీడియం హెవీనా?

ముందు ఒక మాట. స్పిన్నింగ్ రాడ్‌కు బెయిట్‌కాస్టర్ బిగించకూడదు. బెయిట్‌కాస్టింగ్ రాడ్‌కు రీల్ పైన కూర్చుంటుంది, లైన్ వెళ్లే రింగులు చిన్నవిగా పై వైపు ఉంటాయి, పట్టు కింద చూపుడు వేలికి ట్రిగ్గర్ లాంటి కొక్కెం ఉంటుంది.

రాడ్ మీద రెండు మాటలు రాసి ఉంటాయి. పవర్ అంటే వంచడానికి ఎంత బలం కావాలి అని. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుంది అని. ఫాస్ట్ అయితే కొస దగ్గరే, మోడరేట్ అయితే దాదాపు నడుము దాకా. విసురు సాఫీగా రావాలంటే ఎర బరువుకు రాడ్ వంగి, ఆ వంపులోంచి ఎరను తోయాలి. హెవీ రాడ్‌తో 5 గ్రాముల ఎర వేసినప్పుడు నాకు జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. రాడ్ వంగలేదు, దూరం కోసం చేత్తో కుదిపాను, ఆ కుదుపుకు స్పూల్ ఒక్కసారిగా వేగం అందుకుంది, ఎర మాత్రం దానంత వేగంగా పోలేదు. మిగిలింది చిక్కు.

మీడియం రాడ్ తేలిక ఎరలకు, మూడు కొనల గాలాలున్న క్రాంక్‌బెయిట్‌లకు బాగుంటుంది. దాంతో విసరడం కూడా సులువు. కానీ జిగ్ లాంటి మందపాటి ఒంటి గాలాన్ని చేప దవడలో దిగేలా గుంజడానికీ, నాచులోంచి చేపను తిప్పడానికీ దాని బలం చాలదు. మీడియం హెవీ ఈ పనులన్నీ చేస్తుంది, 10 నుంచి 28 గ్రాముల దాకా ఎరలను మోస్తుంది. ఒక్కటే కొనేవాళ్లకు 7 అడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ మేలు. అయితే ఒక కంపెనీ మీడియం హెవీ ఇంకో కంపెనీ హెవీ అంత గట్టిగా ఉండొచ్చు. పేరును వదిలేసి, పట్టు పైన అచ్చువేసిన ఎర బరువు అంకెలను చదవండి. కింది అంకె 7 లేదా 10 గ్రాములైతే తీసుకోండి. 14తో మొదలైతే ఇంకొకటి చూడండి. గట్టు మీద చెట్లు మీద పడేంత దగ్గరగా ఉంటే ఆరున్నర అడుగులది కూడా సరే.

డబ్బు పరిమితంగా ఉంటే రీల్‌కు ఎక్కువ భాగం పెట్టండి. స్పిన్నింగ్ అయితే రాడ్‌కు పెట్టమనేవాణ్ణి. ఇక్కడ బ్రేకు రీల్‌లోనే ఉంది. సాధారణ రాడ్‌తో చేప పట్టొచ్చు, బ్రేకు సరిగా పట్టని రీల్‌తో విసరడం నేర్చుకోవడం కష్టం. రెండూ కలిపి అమ్మే కాంబో తీసుకునేటప్పుడు కూడా ముందు అందులోని రీల్‌కే మార్కులు వేయండి.

లైన్

బ్రెయిడ్ బలమైనది, సాగదు. కానీ సన్నటి బ్రెయిడ్ బ్యాక్‌లాష్ అయితే లోపలి చుట్టల్లోకి దిగబడిపోతుంది, గోటితో తీయడం నరకం. ఫ్లోరోకార్బన్ నీళ్లలో అంతగా కనిపించదు, బరువుగా మునుగుతుంది. అయితే బిరుసుగా ఉండి స్పూల్ మీంచి లేచిపోతుంటుంది, చిక్కుపడిన చోట మడతపడి బలహీనమవుతుంది. తర్వాత పెద్ద చేప పడినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. మామూలు నైలాన్ మోనో మెత్తన, చిక్కు తీయడం తేలిక, చవక. చిక్కుపడిన భాగాన్ని కోసి పారేసినా మనసు గింజుకోదు. మొదటి నెలలకు 12 నుంచి 14 పౌండ్ల బలమున్న మోనో చుట్టండి. స్పూల్ అంచు దాకా నింపకండి, మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదిలితే బరువు తగ్గి స్పూల్ అదుపులో ఉంటుంది.

ఒక చిట్కా నాకు చాలా మేలు చేసింది. గాలం లేని 14 గ్రాముల ప్లగ్ (సాధనకు వాడే బరువు) కట్టి, పచ్చిక మీద మీకు వీలైనంత దూరం విసరండి. ఇంకో నాలుగైదు గజాల లైన్ చేత్తో లాగి, స్పూల్ మీద అడ్డంగా ఒక టేపు ముక్క అంటించి, దాని మీదే లైన్ మళ్లీ చుట్టుకోండి. ఇక ఎంత పెద్ద చిక్కు పడినా టేపు కిందికి పోదు. బ్యాక్‌లాష్ పడితే కంగారుపడి లాగకండి. బొటనవేలితో స్పూల్‌ను గట్టిగా నొక్కి, పిడిని రెండు మూడు చుట్లు తిప్పి, తర్వాత లైన్ లాగి చూడండి. చాలా చిక్కులు అక్కడే విడిపోతాయి. వరుసగా ఇరవై విసురులు చిక్కు లేకుండా పడ్డాక డయల్‌ను ఎనిమిది నుంచి ఏడుకు దించండి. ఏడు మీద మళ్లీ ఇరవై. నాలుగు దగ్గరికి వచ్చేసరికి ఎర నీళ్లను తాకే ముందే బొటనవేలు దానంతటదే స్పూల్ మీద వాలడం గమనిస్తారు. టేపు తీసేసి బ్రెయిడ్ గురించి ఆలోచించడం అప్పుడు మొదలుపెట్టొచ్చు. అది కూడా 30 పౌండ్లకు తగ్గకుండా, స్పూల్ మీద జారిపోకుండా అడుగున నాలుగు చుట్లు మోనో వేసి.