స్టెరాయిడ్లు వాడి దొరికిన బేస్‌బాల్ ఆటగాడికి ఏ శిక్ష మేలు?

పేరున్న ఆటగాడు ఎవరైనా డోపింగ్‌లో దొరికితే చాలు, అమెరికాలో ఉంటూ పిల్లల పుణ్యమా అని బేస్‌బాల్ చూడ్డం మొదలుపెట్టిన మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. 80 మ్యాచ్‌ల సస్పెన్షన్ సరిపోతుందా, మొదటిసారే శాశ్వతంగా గెంటేయాలా? నన్నడిగితే ఈ రెండూ అసలు సంగతిని వదిలేస్తున్నాయి. అది కాంట్రాక్ట్ డబ్బు.

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఇప్పటి నిబంధన 2014 నుంచి ఉంది. మొదటిసారి 80 మ్యాచ్‌లు, రెండోసారి 162, అంటే పూర్తి సీజన్, మూడోసారి శాశ్వత నిషేధం. సస్పెన్షన్‌లో ఉన్నన్నాళ్లు జీతం రాదు, ఆ ఏడాది ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే మ్యాచ్‌లు) ఆడనివ్వరు. వినడానికి గట్టిగానే ఉంది. కానీ డీ గోర్డన్ సంగతి చూడండి. 2015లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, 2016 జనవరిలో మయామి క్లబ్బుతో ఐదేళ్లకు 5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఏప్రిల్లో టెస్టులో దొరికిన విషయం బయటపడింది. 80 మ్యాచ్‌ల జీతం పోయింది, మిగతా ఒప్పందం చెక్కుచెదరలేదు. అంతకుముందు, మొదటిసారి దొరికితే 50 మ్యాచ్‌లే శిక్షగా ఉన్న రోజుల్లో, జానీ పెరాల్టా 2013లో సస్పెండయ్యాడు. అదే ఏడాది చివర్లో సెయింట్ లూయిస్ క్లబ్బు అతనికి నాలుగేళ్లకు 5.3 కోట్ల డాలర్లు ఇచ్చింది! ఇది చూసిన కుర్రాడు ఏం లెక్క వేసుకుంటాడు? సగం సీజన్ జీతం ఒకవైపు, మనవలు కూడా కూర్చుని తినేంత డబ్బు ఇంకోవైపు.

ఇంకో విడ్డూరం, సస్పెన్షన్ కాలపు జీతం క్లబ్బుకే మిగులుతుంది. అలెక్స్ రోడ్రిగెజ్ డోపింగ్ సస్పెన్షన్‌తో 2014 సీజనంతా బయట కూర్చుంటే అతని క్లబ్బు న్యూయార్క్ యాంకీస్‌కి సుమారు 2.2 కోట్ల డాలర్లు ఆదా అయ్యాయి. అతనికి అంత పెద్ద ఒప్పందం ఇచ్చింది ఆ క్లబ్బే.

మరి మొదటిసారికే జీవితకాల నిషేధం? కోపంలో బాగానే ఉంటుంది. జె.సి. రొమేరో అనే ఫిలడెల్ఫియా పిచర్ దుకాణంలో బహిరంగంగా అమ్మే సప్లిమెంట్ కొని వాడి, 2009లో 50 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. అలాంటివాడి జీవితాన్నే తీసేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమే. పైగా ‘శాశ్వతం’ అన్న మాటకూ అంత నమ్మకం లేదు. 2016లో మూడోసారి దొరికి శాశ్వత నిషేధానికి గురైన హెన్రీ మెహియాకి రెండేళ్లకే తిరిగి రావడానికి దారి తెరిచారు.

బేస్‌బాల్ మహామహులకు దక్కే గౌరవపీఠం, హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రానివ్వకపోవడం మూడో మార్గం. స్టెరాయిడ్ ఆరోపణలున్న 762 హోమ్ రన్‌ల బారీ బాండ్స్, పిచర్ రోజర్ క్లెమెన్స్ పదేళ్లు బరిలో ఉన్నా, కావాల్సిన 75 శాతం ఓట్లు రాక 2022లో బేస్‌బాల్ రచయితలు ఓటేసే బ్యాలెట్ నుంచి తప్పుకున్నారు. వాళ్లు ఆడిన కాలంలో లీగ్ అధిపతిగా, అంటే కమిషనర్‌గా ఉన్న బడ్ సెలిగ్‌కి మాత్రం 2017లోనే అక్కడ చోటు దక్కింది. పోనీ, ఇది గొప్ప ఆటగాళ్లకు తగిలే శిక్ష. ఏ క్లబ్బులోనూ స్థానం ఖాయం కాని ఆటగాడికి హాల్ ఆఫ్ ఫేమ్ బెంగ ఎక్కడిది?

రికార్డులు రద్దు చేయాలని, క్లబ్బుకి జరిమానా వేయాలని కూడా కొందరు అంటారు. డోపింగ్ కాకపోయినా, సైన్ల దొంగతనానికి (ప్రత్యర్థి జట్టు రహస్య సైగలను దొంగచాటుగా పట్టేయడానికి) హ్యూస్టన్ ఆస్ట్రోస్ క్లబ్బు మీద 2020లో 50 లక్షల డాలర్ల జరిమానా వేశారు, 2017 టైటిల్ మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. అంతే.

నా ఓటు ఇలా. మొదటిసారి 80 మ్యాచ్‌లు అలాగే ఉంచాలి, రొమేరో లాంటివాళ్లు ఉంటారు కాబట్టి. కానీ కోసిన జీతం క్లబ్బుకి పోకుండా టెస్టింగ్ ఖర్చులకు పోవాలి. రెండోసారి దొరికితే మిగిలిన కాంట్రాక్ట్ రద్దు. రద్దుతో మిగిలే సొమ్ము కూడా క్లబ్బుకి దక్కకూడదు, లేకపోతే ఆట తగ్గిన ముప్పై ఐదేళ్ల స్టార్‌ని వదిలించుకోవడానికి క్లబ్బులే పాజిటివ్ రావాలని మొక్కుకుంటాయి. ఈ భయంతోనే ప్లేయర్స్ యూనియన్ లీగ్‌తో చేసుకున్న ఒప్పందంలో, సస్పెన్షన్ కాకుండా క్లబ్బులు విడిగా మరో శిక్ష వేయకూడదని రాయించుకుంది. అది అర్థమయ్యే భయమే. కానీ రెండుసార్లు దొరికినవాడిని కాపాడటానికి శుభ్రంగా ఆడే మిగతా సభ్యుల అవకాశాలు యూనియన్ ఎందుకు పణంగా పెట్టాలో నాకు అర్థం కాదు. ఆ పెద్ద కాంట్రాక్టులు వాళ్లకు రావాల్సినవి.