ఎస్సార్ నగర్ స్కిన్ క్లినిక్: సెగ్గడ్డలు మళ్లీ మళ్లీ లేస్తుంటే ఇక్కడికి వెళ్లండి

ఎస్సార్ నగర్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, టిఫిన్ సెంటర్ పైన ఉన్న ఈ చిన్న క్లినిక్‌కి ఐదుకి నాలుగు స్టార్లు. బోర్డు మీద మొటిమలు, జుట్టు రాలడం అనే రాసుంటుంది కానీ నేను రాస్తున్నది చీము గడ్డల గురించి.

మా తమ్ముడు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. తొడ మీద గడ్డ లేస్తే వేడి చేసిందిలే అన్నారు అందరూ. హాస్టల్ కింద మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ స్ట్రిప్పు చేతిలో పెట్టారు. అది షెడ్యూల్ హెచ్1 మందు, 2014 నుంచి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో రిజిస్టర్లో రాయాలి కూడా. మాత్రలన్నీ మింగినా గడ్డ తగ్గలేదు సరికదా పక్కనే ఇంకోటి లేచింది, రూమ్మేట్‌కి చంకలో మొదలైంది. ఆ షాపు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక్కడ డాక్టరమ్మ ముందు వాడిన స్ట్రిప్పులన్నీ చూపించమన్నారు. "బాబూ, దీన్ని పిండావా? ఇక చెయ్యి పెట్టకు" అని, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిన్న గాటు పెట్టి చీమంతా తీసేసి, కొంచెం పుల్లకి పట్టించి సీసాలో పెట్టి కల్చర్‌కి, అంటే ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే టెస్టుకి పంపారు. ఇలాంటి గడ్డకి చీము తీయడమే అసలు వైద్యం అట, అది లోపల ఉండగా ఎన్ని మాత్రలు మింగినా లాభం ఉండదట.

రెండు మూడు రోజులు పట్టే టెస్టు అది. రిపోర్టులో సెఫాక్సిటిన్ అనే మందు ఎదురుగా 'ఆర్' (రెసిస్టెంట్, ఆ మందుకి లొంగదని) అని ఉంది, అంటే ఎమ్మార్ఎస్ఏ, మామూలు పెన్సిలిన్ జాతి మందులకి లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా. ఎమ్మార్ఎస్ఏ పేరులో 'ఎమ్' అంటే మెథిసిలిన్, ఆ పెన్సిలిన్ జాతి మందు వచ్చింది 1959లో, దానికి లొంగని రకం ఇంగ్లండ్‌లో 1961కల్లా బయటపడింది. చాలాకాలం ఆసుపత్రుల్లో పట్టుకునే జబ్బు అనే అనుకున్నారు, ఇప్పుడు ఆసుపత్రి మొహం చూడని కుర్రాళ్లకీ వస్తోంది. రిపోర్టులో క్లిండామైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ పనిచేసేలా కనిపించినా ఆవిడ డి-టెస్ట్ ఫలితం చూశాకే మాట్లాడారు. ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచిన ప్లేటు మీద ఎరిత్రోమైసిన్ మందు బిళ్ళ పక్కన పెట్టినప్పుడు క్లిండామైసిన్ బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఆ వైపు నొక్కుకుపోతే ఆ మందు మధ్యలో చేతులెత్తేసే ప్రమాదం ఉందట. మావాడిది అలాగే వచ్చింది, అందుకే డాక్సీసైక్లిన్ రాశారు, తగ్గింది. ఎవరికి ఏది పనిచేస్తుందో వాళ్ల రిపోర్టే చెప్పాలి కాబట్టి ఇది చదివి ఆ మందు కొనుక్కోకండి, ప్లీజ్.

నాకు బాగా నచ్చింది ఏంటంటే రూమ్మేట్లని కూడా పిలిపించుకుని మాట్లాడారు. ఒకే టవల్, ఒకే ట్రిమ్మర్, జిమ్‌లో చెమట తుడవని బెంచీ, వీటితో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని, పుండుని కట్టుతో కప్పి ఉంచాలని, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి బాగా ఆరబెట్టాలని ఓపిగ్గా చెప్పారు. హాస్టల్స్‌లో ఇంతమంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఉంటున్నారు, వాళ్లకి ఈ మాట చెప్పేవాళ్లే లేరు.

ఒక స్టార్ తగ్గించింది వెయిటింగ్‌కి. సాయంత్రాలు కూర్చోడానికి చోటుండదు, లిఫ్ట్ లేదు, టోకెన్ ఉన్నా చాలాసేపు ఆగాలి. కల్చర్ ఛార్జి విడిగా ఉంటుంది, ముందే చెప్తారు. వెళ్లేటప్పుడు ఇంతకుముందు వాడిన మందుల స్ట్రిప్పులు తప్పకుండా పట్టుకెళ్లండి.